తెర మీద ఈ1, అడుగున మెతుకు

మల్టీకుక్కర్ తెర మీద ఈ1 అనో సీ1 అనో వెలిగి, కుయ్‌మని మోగడం మొదలైతే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు. పోదు. గిన్నెను అటూ ఇటూ కదుపుతారు. ఆ పూటకి పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. చివరికి సంచిలో పెట్టుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన తెర చూసి, "సెన్సార్ పోయిందమ్మా, బోర్డు కూడా మార్చాలి" అంటాడు. ఎంతవుతుందో విన్నాక, దీని బదులు కొత్తదే కొనుక్కుంటే పోలా అనిపిస్తుంది.

ఆయన చెప్పింది నిజమే కావచ్చు. అయితే ఆ మాట అనేముందు ఆయన ఏం కొలిచాడు? ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. సెన్సార్ నుంచి వస్తున్న లెక్క నమ్మేలా లేదని బోర్డు తెర మీద చెబుతుంది. ఎందుకు నమ్మేలా లేదో చెప్పదు. సెన్సార్ నిజంగానే కాలిపోయి ఉండొచ్చు. వైరు తెగి ఉండొచ్చు. కనెక్టర్‌లో తేమ చేరి ఉండొచ్చు. గిన్నె కింద అన్నం మెతుకు ఇరుక్కుని ఉండొచ్చు. మొదటి మూడింటికి స్క్రూడ్రైవర్ కావాలి, నాలుగోదానికి తడిగుడ్డ చాలు. తడిగుడ్డతో పోయేదానికి బోర్డు మార్పించుకోకుండా ఉండాలంటే వెతకడానికి ఒక వరస ఉండాలి.

ముందు ఆ సెన్సార్ చేసే పనేమిటో చూద్దాం. లోపలి గిన్నె బయటికి తీస్తే అడుగున గుండ్రటి హీటింగ్ ప్లేటు, దాని నడిమధ్య చిన్న అల్యూమినియం బిళ్ల కనిపిస్తాయి. బిళ్లను వేలితో నొక్కితే స్ప్రింగు మీద కిందికి దిగుతుంది, వదలగానే పైకి లేస్తుంది. గిన్నె పెట్టినప్పుడు దాని అడుగును ఎప్పుడూ తాకుతూ ఉండాలనే ఆ స్ప్రింగు పెట్టారు. బిళ్ల లోపల అతికించి ఉండేది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ కరెంటుకు అది పెట్టే అడ్డు, అంటే నిరోధం, తగ్గిపోతుంది. ఇలాంటి గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. దాన్ని 1930లో పనికొచ్చే పరికరంగా మలిచినవాడు అమెరికన్ శామ్యూల్ రూబెన్.

పాత తరహా రైస్ కుక్కర్‌కు ఇంత సూక్ష్మం అక్కర్లేదు. 1955లో తోషిబా తెచ్చిన మొదటి ఆటోమేటిక్ కుక్కర్ వేడికి వంగే రెండు లోహాల రేకుతో పనిచేసింది. ఇప్పటికీ అమ్ముతున్న మామూలు రైస్ కుక్కర్లలో 103 డిగ్రీల దగ్గర పట్టు వదిలే అయస్కాంతం ఉంటుంది. నీళ్లు ఇంకిపోయి వేడి 100 దాటగానే టక్కుమని స్విచ్ పడుతుంది, అంతే. మల్టీకుక్కర్ పని వేరు. అదే గిన్నెలో 40 డిగ్రీల దగ్గర పెరుగు తోడుకోవాలి, 115 దాటిన ఆవిరిలో శనగలు ఉడకాలి. అందుకే దానికి ప్రతి క్షణం వేడి ఎంతో చెప్పే థర్మిస్టర్ కావాలి.

కుక్కర్లలో ఎక్కువగా వాడేవి 25 డిగ్రీల దగ్గర 50 వేల ఓమ్‌లు లేదా లక్ష ఓమ్‌లు చూపించే రకాలు. లక్ష ఓమ్‌ల రకం మే నెల వంటగదిలో, 35 డిగ్రీల దగ్గర, 65 వేలకు అటూ ఇటూ ఉంటుంది. నీళ్లు మరిగే వేడికి 7 వేలకు పడిపోతుంది. బోర్డు మీది చిప్ ఆ అంకెను చదువుకుంటూ హీటర్‌ను వేస్తూ ఆపుతూ ఉంటుంది.

ఇప్పుడు వైరు తెగిందనుకోండి. నిరోధం అనంతమైపోతుంది. నిరోధం ఎంత ఎక్కువైతే అంత చల్లగా ఉన్నట్టు లెక్క గనక, గిన్నె మంచుకన్నా చల్లగా ఉందని చిప్‌కు అర్థమవుతుంది. ఆ లెక్కను నమ్మితే హీటర్‌ను ఆపకుండా కాలుస్తూనే ఉంటుంది. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలి షార్టయితే దీనికి తలకిందులుగా, గిన్నె నిప్పులా కాలుతోందని తోస్తుంది. వంటింట్లో రెండూ జరగని వేడులే. అందుకే తయారుచేసినవాళ్లు ఒక హద్దు పెట్టారు. అంకె ఆ హద్దు దాటితే హీటర్ ఆపి కోడ్ చూపించాలి. పొరపాటున ఇల్లు కాలిపోకుండా కాపాడేది ఈ ఏర్పాటే. చాలా మోడళ్లలో అడుగు సెన్సార్ తెగితే ఒక కోడ్, షార్టయితే ఇంకోటి, మూత సెన్సార్‌కు మరో రెండు ఉంటాయి. కానీ కంపెనీని బట్టి అంకెలు మారతాయి గనక వెతకడం కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలోనే మొదలుపెట్టాలి. ఒక బ్రాండు కోడ్‌కు ఇంకో బ్రాండు అర్థం చెప్పుకుని పార్టులు మార్చినవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు.

ఇక తడిగుడ్డ. ప్లగ్గు తీసి, ప్లేటు పూర్తిగా చల్లారాక, గిన్నె బయటికి తీసి బాల్కనీ వెలుతురులోనో టార్చి కిందో చూడాలి. మెతుకు, బియ్యపు గింజ, ఎండి పెచ్చుకట్టిన గంజి, ఉప్పునీళ్లు ఆరిన తెల్లటి మరక, ఇవన్నీ మామూలే. ఒక్క మెతుకు చాలు, గిన్నె ప్లేటు మీద సమంగా కూర్చోదు. వేడి గిన్నెలోకి ఎక్కదు, ప్లేటు మాత్రం కాగిపోతుంది. దాని నడుమ ఉన్న సెన్సార్ ఆ వేడి చూసి గిన్నె మాడుతోందని చెబుతుంది. పైన బియ్యం ఇంకా పలుకుగానే ఉంటుంది. గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి గట్టిగా పిండి తుడవాలి, ఆపైన పొడిగుడ్డతో మళ్లీ తుడవాలి. బిళ్ల చుట్టూ ఉన్న సన్నటి సందులోకి గంజి దిగి గట్టిపడితే స్ప్రింగు బిగుసుకుపోతుంది, అక్కడ పాత టూత్‌బ్రష్ పనికొస్తుంది. ఇసుక కాగితం, స్టీలు పీచు వద్దు. వాటితో గీకితే బిళ్ల నునుపు పోయి గిన్నెను సరిగా తాకదు.

గిన్నె అడుగును కూడా చూడాలి. పెళ్లిళ్లప్పుడో పండగలప్పుడో పొయ్యిలు చాలక, కుక్కర్ గిన్నెనే తీసి గ్యాసు మంట మీద పెట్టేస్తారు. పల్చటి అడుగు ఆ మంటకు వంకర తిరుగుతుంది, తర్వాత ఎన్నిసార్లు తుడిచినా కోడ్ వస్తూనే ఉంటుంది. వంటగట్టు గ్రానైటు మీద పెట్టి రెండు వేళ్లతో నొక్కితే గిన్నె ఊగుతోందో లేదో తెలిసిపోతుంది. అదే మోడల్ కొత్త గిన్నె తెచ్చిపెట్టి చూడటం సెన్సార్ మార్చడంకన్నా ముందు చేయాల్సిన పని.

గిన్నె పెట్టకుండానే బియ్యం, నీళ్లు నేరుగా ప్లేటు మీద పోసేయడం కూడా హడావుడి పొద్దుల్లో జరుగుతుంటుంది. అప్పుడు వెంటనే ప్లగ్గు పీకాలి, ఏమైందో చూద్దామని ఒక్కసారి కూడా ఆన్ చేయకూడదు. నీళ్లు ఒంపేసి, పక్కకి వాల్చి, ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. మంచినీళ్లయితే ఆరిపోతాయి. పప్పునీళ్లో పాలో అయితే లోపల పెచ్చుకట్టి, కొద్దికొద్దిగా కరెంటును అడ్డదారిలో పోనిస్తాయి. అలాంటప్పుడు విప్పి శుభ్రం చేయించక తప్పదు.

అన్ని తుడుపులూ అయ్యాక, వంట తప్పా యంత్రం తప్పా అని తేల్చే పరీక్ష ఒకటుంది. గిన్నెలో మూడు కప్పుల నీళ్లు మాత్రమే పోసి, మూత బిగించి, ప్రెషర్‌లో ఐదు నిమిషాలు పెట్టాలి. ప్రెషర్ ఎక్కి, సమయం లెక్క మొదలై, కోడ్ రాకుండా ముగిస్తే వైర్లు, సెన్సార్, బోర్డు చాలావరకు బాగానే ఉన్నట్టు. ఆ పరీక్షలో నెగ్గిన కుక్కర్ టొమాటో పప్పు పెట్టగానే మొరాయిస్తే వెతకాల్సింది గిన్నెలోపల.

తెలుగిళ్లలో ఇదే ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే వంట పోపుతో మొదలవుతుంది. అదే గిన్నెలో నూనె కాచి, ఉల్లిపాయలు వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తారు. ముద్ద అడుగుకు పట్టుకుంటుంది. దాని మీదే పప్పు, టొమాటో ముక్కలు, లెక్కకు సరిపడా నీళ్లు పోసి మూత పెడతారు. అడుగున అంటుకున్న పొరలోకి నీళ్లు వెళ్లవు. వేడి పెరుగుతూ 140 డిగ్రీల దరిదాపులకు వెళ్లేసరికి "బర్న్" అని వస్తుంది. ఇక్కడ సెన్సార్ చెప్పింది అక్షరాలా నిజం, అడుగు మాడుతోంది. దాన్ని మార్చినా కొత్త సెన్సార్ కూడా ఇదే మాట చెబుతుంది. విరుగుడు వంటలోనే ఉంది. వేపుడు అయ్యాక అరగ్లాసు నీళ్లు పోసి, చెక్కగరిటెతో అడుగంతా గీకి, గరిటెకు ఏమీ తగలడం లేదని తెలిశాకే పప్పు వేయాలి. టొమాటోలు, చింతపండు గుజ్జు పైన వేసి కలపకుండా వదిలేయాలి. ఇంత చేసినా బర్న్ వస్తుంటే మూత రబ్బరు చూడాలి. వదులైన రబ్బరు నుంచి ఆవిరి పోతూ ఉంటే పోసిన నీళ్లన్నీ ఆవిరైపోయి అడుగు ఎండిపోతుంది.

మరో రకం గిరాకీ మెకానిక్‌ల దగ్గరికి విమానం ఎక్కి వస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొన్న మల్టీకుక్కర్‌ను పిల్లలు అమ్మానాన్నల కోసం సూట్‌కేసులో తెస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. పిన్నులు పట్టేందుకు కొన్న చిన్న అడాప్టర్ పిన్ను రూపాన్నే మారుస్తుంది, వోల్టేజీని ముట్టుకోదు. వోల్టేజీ రెట్టింపుకు దగ్గరైతే హీటర్ లాగే శక్తి దాదాపు నాలుగింతలవుతుంది. 1000 వాట్ల కుక్కర్ 3,600 వాట్లు దాటి లాగడానికి చూస్తుంది. నయమైతే బోర్డు మీది ఫ్యూజు, దాని పక్కనుండే రక్షణ భాగం పోయి ఊరుకుంటుంది. ఏదో కోడ్ చూపించి ఆగిపోయిన అలాంటి కుక్కర్‌కు సెన్సార్ మార్చి ప్రయోజనం లేదు. అమెరికా కుక్కర్‌ను ఇక్కడ వాడాలంటే 1500 వాట్లకు తగ్గని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని బరువు, ధర చూశాక చాలామందికి ఇక్కడి కుక్కరే మేలనిపిస్తుంది, అది సరైన నిర్ణయమే.

తప్పు వోల్టేజీ, నోరు మెదపని థర్మామీటరు కలిస్తే ఏమవుతుందో చూపించిన ఉదంతం అపోలో 13 అంతరిక్ష నౌకది. ప్రయోగానికి ముందు కెన్నెడీ కేంద్రంలో ఒక ఆక్సిజన్ ట్యాంకు మామూలుగా ఖాళీ కాలేదు. లోపలి హీటర్లను సుమారు 8 గంటలు నడిపి ఆక్సిజన్‌ను ఆవిరి చేసి పంపేశారు. వేడి హద్దు మీరితే హీటర్లను ఆపాల్సిన స్విచ్‌లు 28 వోల్టులకు చేసినవి. నేల మీద వాటికి 65 వోల్టులు ఇచ్చారు. స్విచ్ తెరుచుకోబోతూ అతుక్కుపోయింది. వేడి చూపించే మీటరు 80 డిగ్రీల ఫారన్‌హీట్‌కు మించి చూపించేలా తయారు కాలేదు. లోపల వేడి 1000 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోయినా ముల్లు 80 దగ్గరే నిలబడింది. చూస్తున్నవాళ్లకు అంతా సవ్యంగానే కనిపించింది. వైర్ల మీది టెఫ్లాన్ తొడుగు పాడైపోయింది, 1970 ఏప్రిల్ 13న అంతరిక్షంలో ఆ ట్యాంకు పేలింది. విచారణ సంఘం ఆ స్విచ్‌ల సంగతిని తవ్వి తీయగలిగింది కొలిచి, మళ్లీ పరీక్షించి చూసినందువల్లే.

వారంటీ ఉన్న కుక్కర్‌ను ఇంట్లో విప్పకూడదు. సీలు చిరిగితే వారంటీ పోతుంది. సర్వీసు సెంటర్ సరిగా స్పందించకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ కూడా తెచ్చింది.

వారంటీ దాటినదాన్ని, కరెంటు పని కాస్త తెలిసినవాళ్లు విప్పి చూడొచ్చు. ప్లగ్గు తీశాక కొంతసేపు ఆగాలి, బోర్డు మీది కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది. కుక్కర్‌ను మెత్తటి టవల్ మీద బోర్లించి అడుగు స్క్రూలు తీసి, వైర్లు ఏవి ఎక్కడున్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. సెన్సార్ బిళ్ల కింద నుంచి రెండు సన్నటి వైర్లు బోర్డు మీది చిన్న తెల్ల కనెక్టర్‌కు వెళ్తాయి. మొదట కంటితో చూడాలి. పిన్నుల మీద పచ్చటి చిలుము, బొద్దింకల మలం, చీమలు తెచ్చిన మట్టి. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు వాటికి మహా ఇష్టం. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి చిలుము తొందరగా పడుతుంది. కనెక్టర్‌ను వైర్లు పట్టుకుని లాగకుండా ప్లాస్టిక్ తల పట్టుకుని తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక మళ్లీ గుచ్చితే చాలా కోడ్‌లు అక్కడితోనే పోతాయి.

పోకపోతే మల్టీమీటర్. కనెక్టర్ ఊడదీసి ఉంచి, 200 కిలో ఓమ్‌ల రేంజిలో రెండు పిన్నులకు మీటరు ముళ్లు ఆనించాలి. గది 35 డిగ్రీలుంటే లక్ష రకం సెన్సార్ 65 చుట్టుపక్కల, 50 వేల రకం 32 చుట్టుపక్కల చూపించాలి. మీటరు ఎడమపక్క ఒంటరిగా "1" నిలబడితే, లేదా "ఓఎల్" అని వస్తే దారి తెగింది. సున్నాకు దగ్గరైతే షార్టు. అంకె సరిగానే ఉంటే అంతటితో వదలకూడదు. స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి, అడుగు పొడిగా తుడిచి, బిళ్లకు ఆనించి పట్టుకోవాలి. 65, 58, 47, 36, ఇలా అంకె ఆగకుండా దిగుతూ ఉండాలి, గ్లాసు తీసేస్తే నెమ్మదిగా ఎక్కాలి. దిగుతూ దిగుతూ మధ్యలో ఒక్కసారి "1"కి ఎగిరి మళ్లీ కిందికొస్తే లోపల ఎక్కడో పగులుంది. అప్పుడు వైరును అంగుళం అంగుళం వంచుతూ మీటరు చూడాలి. మూత సెన్సార్ ఉన్న మోడళ్లలో పగులు తరచుగా మూత కీలు దగ్గర ఉంటుంది, మూత తీసి వేసిన ప్రతిసారీ అక్కడి వైరు వంగుతుంది. వేడినీళ్ల పరీక్షలో సెన్సార్ నిలకడగా నెగ్గితే దాన్ని మార్చకూడదు. అనుమానం అప్పుడే బోర్డు మీదికి పోవాలి.

విప్పినప్పుడు ప్లేటు దగ్గర తెల్లటి తొడుగులో ఇంకో భాగం కనిపిస్తుంది. అది థర్మల్ ఫ్యూజు. సెన్సార్, బోర్డు రెండూ విఫలమై ప్లేటు 170 డిగ్రీల దరిదాపులకు కాగితే తనను తాను తెంపుకుని కరెంటు ఆపేస్తుంది. ఒకసారి తెగితే మళ్లీ అతకదు. అది పోయినప్పుడు కొందరు మెకానిక్‌లు రెండు చివర్లూ మామూలు వైరుతో కలిపేసి కుక్కర్ నడిపించి ఇస్తారు. ఆ పని ఒప్పుకోకూడదు. ఆ కుక్కర్‌కు ఇక ఆఖరి కాపలా లేదు, అన్నం పెట్టి బజారుకు వెళ్లిన ఇంట్లో అది మంటకు కారణం కావచ్చు. అదే వేడి, అదే ఆంపియర్ల ఫ్యూజు వేయించాలి. టంకం వేడికే అది తెగిపోతుంది కాబట్టి దాన్ని నొక్కి బిగించాలి.

కొత్త సెన్సార్ కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పెట్టుకుని వెళ్లడం మంచిది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి బజార్లలో థర్మిస్టర్లు దొరుకుతాయి, కానీ ఓమ్‌ల విలువ ఒక్కటే కలిస్తే సరిపోదు. వేడితో నిరోధం ఎంత వేగంగా పడిపోతుందో చెప్పే బీటా విలువ కూడా కలవాలి. ఆ లెక్క తేడా వస్తే గది వేడిలో సరిగానే చూపించి, 100 డిగ్రీల దగ్గర తప్పు చెబుతుంది. బిళ్ల ఎత్తు, వైర్ల తొడుగు వేడికి తట్టుకునే రకమా కాదా అనేవీ చూడాలి. ఆ మోడల్‌కే చేసిన సెట్టు దొరికితే దానికే ఓటు.

కోడ్ రాకుండా పాడయ్యే సెన్సార్ అన్నిటికన్నా ప్రమాదం. తేమ వల్లో పాతబడడం వల్లో లెక్క పది డిగ్రీలు జరుగుతుంది. ఆ అంకె హద్దులోపలే ఉంటుంది కనుక బోర్డుకు అనుమానం రాదు. పెరుగు ఒకరోజు తోడుకోదు, ఒకరోజు పుల్లగా విరుగుతుంది. అన్నం అడుగు ఎర్రబారుతుంది, లేదా పలుకుంటుంది. "కీప్ వార్మ్"లో వదిలిన అన్నం గోరువెచ్చగానే ఉంటుంది. ఈ ఆఖరిది తేలిగ్గా తీసుకోరాదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు. 60 డిగ్రీలకు తక్కువ వెచ్చదనంలో గంటల తరబడి ఉంటే పెరిగి విషం వదులుతాయి, దాంట్లో వాంతులు తెచ్చే రకం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాళ్ల కోసమో, ఆలస్యంగా తినే పెద్దవాళ్ల కోసమో అన్నం అలా ఉంచే ఇళ్లలో ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

అందుకు కావాల్సింది వంటింటి థర్మామీటరు ఒక్కటే. అర లీటరు వేడినీళ్లు పోసి, మూత పెట్టి, కీప్ వార్మ్‌లో రెండు గంటలుంచి కొలవాలి. 63కి పైన ఉంటే నిశ్చింత. 60కి కింద ఉంటే సెన్సార్ సంగతి తేలేదాకా ఆ మోడ్ వాడకూడదు. పెరుగు మోడ్‌లో గోరువెచ్చటి నీళ్లు ఇలాగే ఉంచితే 36 నుంచి 43 మధ్య నిలవాలి. మూత తీసి నీళ్లు తెర్లించి కొలిచేటప్పుడు ఊరి ఎత్తు గుర్తుంచుకోవాలి. విశాఖ తీరంలో నీళ్లు 100 దగ్గర మరిగితే సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాద్‌లో 98 దగ్గరే మరుగుతాయి, ఆ రెండు డిగ్రీలను సెన్సార్ నెత్తిన వేయకూడదు. సెన్సార్ మార్చినా, కనెక్టర్ తుడిచినా ఈ కొలతలు మరోసారి తీసి, తేదీతో కుక్కర్ పుస్తకం అట్ట వెనక రాసిపెట్టుకుంటే మళ్లీ ఎప్పుడైనా కోడ్ వెలిగిన రోజు పోల్చి చూసుకోవడానికి అంకెలు చేతిలో ఉంటాయి.